భీమిలి దారిలో మూడు రాత్రులు: విశాఖ పక్కన సముద్రం ఒడ్డున తీరిగ్గా గడపడానికి సమగ్ర మార్గదర్శి

విశాఖ నుంచి భీమిలి దాకా బీచ్ రోడ్డును చాలామంది ఒక్క పూటలో చుట్టేస్తారు. పొద్దున టిఫినయ్యాక పదింటికి క్యాబ్ ఎక్కి, రుషికొండలో గంట, తొట్లకొండలో అరగంట, ఎర్రమట్టి దిబ్బల్లో నాలుగు ఫొటోలు, భీమిలిలో చేపల పులుసుతో భోజనం కానిచ్చి, చీకటి పడేసరికి మళ్లీ జగదాంబ సెంటర్లో తేలతారు. అలా వెళ్తే ప్రతి చోటికీ ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే చేరతారు. ఇసుక కాళ్లు కాలుస్తుంది, దిబ్బల ఎరుపు వెలిసిపోయినట్టుంటుంది, పడవలు ఎప్పుడో ఒడ్డెక్కి చేపలు అమ్ముడైపోయి ఉంటాయి.

ఈ తీరంలో ఎక్కడికి వెళ్లామన్న దానికన్నా ఏ వేళకు వెళ్లామన్నదే ముఖ్యం. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి వేరు. నగరంలో కాకుండా ఈ దారిలోనే ఒకచోట గది తీసుకుని మూడు రాత్రులు ఉండండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తిరగండి. మధ్యలో తినండి, పడుకోండి.

ముందు నెల, తర్వాత వారం

డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. తెల్లవారుజామున పల్చటి శాలువా చాలు, మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చుంటే చెమట పట్టదు. జనవరిలో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి పిల్లల్ని లేపడం కూడా తేలిక. అదే మే నెలాఖరులో 5:20 దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు, ఎనిమిదికల్లా ఉక్కపోత మొదలవుతుంది.

అక్టోబరు, నవంబరుల్లో గాలి బాగున్నా తుపాన్ల భయం ఉంటుంది. హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది 2014 అక్టోబరు 12న. ఆ రెండు నెలల్లో వెళ్తే డబ్బు వెనక్కిచ్చే షరతున్న గదే తీసుకోండి. వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలు చూస్తూ ఉండండి. చేపల పడవల్ని సముద్రంలోకి వెళ్లొద్దన్న రోజు మనం కూడా నీళ్లలో దిగకూడదు.

కార్తీక మాసం ఆదివారాల సంగతి చాలామంది మరిచిపోతారు. తీరం పొడవునా సరుగుడు తోటల్లో వనభోజనాలు, మైకులు, బస్సుల బారులు. అది చూడాలనుకుంటే సరదాగానే ఉంటుంది. ప్రశాంతత కోసమైతే ఆ రోజులు వద్దు. డిసెంబరు 31, సంక్రాంతి మూడు రోజులు కూడా అంతే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో చిన్న తెప్పల మీద వచ్చే చేపే తాజాది, అదీ కొద్దిగానే దొరుకుతుంది. హోటళ్లలో ఐసు చేపే ఎక్కువ. చేపల కోసమే వెళ్లేవాళ్లు ఆ రెండు నెలలూ వదిలేయాలి. తాటి ముంజలకైతే అదే అదను.

వారంలో సోమవారం మధ్యాహ్నం చేరి గురువారం బయల్దేరడం ఉత్తమం. శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది వరకు రుషికొండ దాకా వాహనాలు నత్తనడక నడుస్తాయి.

గది ఎక్కడ తీసుకోవాలి

నగరం వైపు నుంచి వరస ఇది: తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్ నగర్, రుషికొండ, తిమ్మాపురం, మంగమారిపేట, చేపలుప్పాడ, ఎర్రమట్టి దిబ్బలు, చివర భీమిలి. మొత్తం పాతిక, ముప్ఫై కిలోమీటర్లు.

సాగర్ నగర్ నిజానికి నగరంలో భాగమే. ఫోనులో ఆర్డరిస్తే భోజనం ఇంటికొస్తుంది, ఆసుపత్రులు దగ్గర. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది నయం. రుషికొండ అందరికీ తెలిసిన పేరు. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ ముద్ర) గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో ఇదొకటి. స్నానాల గదులు, బట్టలు మార్చుకునే చోటు, లైఫ్‌గార్డులు ఉంటారు. కాకపోతే పక్కనే కాలేజీలు, ఐటీ ఆఫీసులు ఉండటంతో రాత్రి పొద్దుపోయేదాకా సందడే. అక్కడికి స్నానానికి వెళ్లండి, బస మాత్రం పెట్టకండి. పాత వ్యాసాల్లో రుషికొండ కొండ మీది పర్యాటక శాఖ హరిత రిసార్టు గురించి రాసి ఉంటుంది. అది ఇప్పుడు లేదు, కూల్చేశారు.

సొంత కారుంటే తిమ్మాపురం, మంగమారిపేట మధ్య వెతకండి. ఈ దారిలో అలల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడని రాత్రులు అక్కడే. కారు లేకపోతే భీమిలి మేలు. చిన్న ఊరు. బజారు, మందుల షాపు, బస్సు, ఆటో అన్నీ నడిచే దూరంలో ఉంటాయి. కారు లేకుండా మంగమారిపేటలో దిగితే మాత్రం రాత్రి తొమ్మిదికి ఇడ్లీ కోసం కూడా ఎవర్నో బతిమాలుకోవాల్సి వస్తుంది.

నగరానికి దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల యారాడ కూడా ప్రశాంతంగానే ఉంటుంది. కానీ ప్రతిసారీ కొండ ఎక్కి దిగాలి, అలలు మొరటు. ఒక పూటకు సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఇవి అడగండి. "సీ వ్యూ" అంటే బాల్కనీలోంచి కనిపించడమా, నడిచి ఒడ్డుకు చేరడమా? మధ్యలో బీచ్ రోడ్డు దాటాలా? (పిల్లలుంటే ఇది పెద్ద విషయమే, బైకులు మెరుపులా పోతుంటాయి.) బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా? ఉంటే సబ్బు నురగ రాదు, తలస్నానానికి కనీసం మునిసిపల్ నీళ్లో ట్యాంకర్ నీళ్లో కావాలి. కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా, ఫ్యాన్లకేనా? ఆ తేదీల్లో అక్కడ పెళ్లి గానీ, పుట్టినరోజు పార్టీ గానీ ఉందా? చివరి ప్రశ్న అడగనివాళ్లే రాత్రి పన్నెండు దాకా డీజే వింటూ కూర్చుంటారు. వంటగది ఉంటే గ్యాస్, మూకుడు, చేపలు కోసుకునే చోటు ఉన్నాయో లేదో కనుక్కోండి. అందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి.

చేరడం

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారుజామునే విశాఖలో దిగుతారు. గది ఇచ్చేది పన్నెండుకో ఒంటిగంటకో కాబట్టి మధ్యలో ఆరు గంటలు ఎక్కడ గడపాలో ముందే ఆలోచించుకోండి. సామాను స్టేషన్ క్లోక్‌రూములో పెట్టి, ఆర్కే బీచ్‌లో సూర్యోదయం చూసి, టిఫిన్ చేసి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం (పొద్దున తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి) చూస్తే సరిగ్గా సరిపోతుంది. నగరం ఆ పూటతోనే అయిపోయినట్టు. మ్యూజియానికి సోమవారం సెలవు, ఆ రోజు దిగితే పక్కనే ఇంకేమైనా చూసుకోండి.

స్టేషన్ నుంచి భీమిలికి సిటీ బస్సు 900కె వెళ్తుంది. ఎక్కేముందు "రుషికొండ, బీచ్ రోడ్డు మీదుగానేనా?" అని కండక్టర్‌ని అడగండి. ఎందుకంటే భీమిలి బోర్డుతోనే ఆనందపురం, తగరపువలస మీదుగా తిరిగే బస్సులు కూడా ఉన్నాయి. వాటిలో చాలాసేపు సముద్రం కనిపించదు. వెళ్లేటప్పుడు కుడిచేతి వైపు కిటికీ పట్టుకోండి.

క్యాబ్ వెళ్లేటప్పుడు సులువుగానే దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలోనే ఇబ్బంది. భీమిలి వైపు నుంచి యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని రద్దు చేస్తాడు. ఖాళీగా రావడం అతనికీ నష్టమే మరి. తిరుగు రైలు పొద్దునే ఉంటే ముందురోజు సాయంత్రమే ఊళ్లో ఆటో మాట్లాడి, ఫోన్ నంబర్ తీసుకోండి. ఆదివారం సాయంత్రం రైలైతే రెండున్నర గంటల ముందు బయల్దేరండి.

మొదటి రోజు: ఏమీ చేయకండి

ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో దిగడు, వెనక కొండల్లో దిగుతాడు. ఇది మైనస్ అనుకుంటారు గానీ నిజానికి లాభమే. చలికాలంలో నాలుగున్నర దాటితే కొండల నీడ ఇసుక మీదికి వచ్చేస్తుంది, ఎండ తగలకుండా గంటసేపు నడవొచ్చు. పున్నమి కలిసొచ్చేలా తేదీలు పెట్టుకుంటే ఇంకా మంచిది. సూర్యుడు కొండ వెనక్కి వెళ్లే వేళకే ఎదురుగా నీళ్లలోంచి చంద్రుడు లేస్తాడు, మొదట రాగి రంగులో.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఈ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో చీకటి పడ్డాక ఒడ్డున టార్చి, ఫ్లాష్ వాడకండి. తాబేలు కనిపిస్తే వెనక్కి తగ్గి కదలకుండా ఉండండి. వెలుగు పడితే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది.

రెండో రోజు: నీళ్లు తగ్గినప్పుడు రాతి తోరణం, పొద్దున తొట్లకొండ

మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. రోడ్డు మీంచి కనపడదు, ఒడ్డు వెంట నడవాలి. పోటు మీద వెళ్తే రాళ్ల మీద నురగే తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి ముందురోజే ఫోనులో విశాఖపట్నం ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. లెక్క తేలికే: పోటు నుంచి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు, పోటు నుంచి ఆటుకు అందులో సగం. ప్రతి వేళా మర్నాటికి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పున్నములకు నీళ్లు బాగా లోపలికి పోతాయి, అలాగే బాగా ముందుకూ వస్తాయి. ఆటుకు గంట ముందు వెళ్లి, నీళ్లు తిరిగి ఎక్కడం మొదలవగానే వచ్చేయండి.

అక్కడి రాళ్లను ఒక్కసారి వంగి చూడండి. తడి రాయి మీద పచ్చటి పాచి, దాని మీద అడుగేస్తే జారడం ఖాయం. పొడిగా, తెల్లగా కనిపించే రాళ్లకేమో గవ్వలంత గట్టి గుల్లలు అంటుకుని ఉంటాయి. చేయి ఆనిస్తే బ్లేడులా కోస్తాయి. హవాయి చెప్పులు పనికిరావు, మడమకు పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. తోరణం పైకెక్కి ఫొటో దిగేవాళ్లు కనిపిస్తారు. అది కింద నుంచి రోజూ అరుగుతున్న రాయి. మీరు ఎక్కకండి.

తొట్లకొండకు ఎనిమిదికల్లా చేరండి. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు, పైదాకా రోడ్డుంది. నౌకాదళం విమానాల మీంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడిన బౌద్ధ ఆరామం ఇది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వింది. వాన నీళ్లు నిల్వ చేయడానికి బండలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. చాలామంది స్తూపం దగ్గర ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. ముందు తొట్ల దగ్గరికి వెళ్లండి. కొండ మీద నీటి బొట్టు లేనిచోట అంతమంది భిక్షువులు ఎలా బతికారో అవి చూస్తేనే అర్థమవుతుంది. తర్వాత భిక్షువుల గదుల పునాదుల వరసలో నడిచి, చివర స్తూపం దగ్గర కూర్చుంటే కింద సముద్రం అంతా కనిపిస్తుంది. గంటన్నర చాలు. పైన తిండి దొరుకుతుందని నమ్ముకోకండి, మనిషికి లీటరు నీళ్లు పట్టుకెళ్లండి.

మూడో రోజు: ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

దిబ్బలకు పొద్దున ఏడు లోపు గానీ, సాయంత్రం నాలుగు తర్వాత గానీ వెళ్లాలి. వెలుగు ఏటవాలుగా పడినప్పుడే గెడ్డలు (వాన నీటి వాగులు) కోసిన గోడల మీద గీతలు, మడతలు తేలి కనిపిస్తాయి. వేల ఏళ్లలో సముద్ర మట్టం పెరుగుతూ తగ్గుతూ, గాలి ఇసుకను పోగేస్తూ వచ్చిన మేటలివి. గుప్పెడు తీసి అరచేతిలో రుద్దితే ఎరుపు వేలికి అంటుకుంటుంది. ఆ ఎరుపు ఇసుక రేణువుకు పైన పట్టిన ఇనుప ఆక్సైడు పొర, లోపల మామూలు ఇసుకే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు మన దేశంలో మళ్లీ తమిళనాడు తీరంలోనే కనిపిస్తాయి.

ఇక్కడ జరిగే ప్రమాదం ఒక్కటే. గోడ అంచు పైనుంచి చూస్తే గట్టి నేలలా ఉంటుంది, కింద మాత్రం వాన తొలిచేసి డొల్లగా ఉంటుంది. అంచుకు ఐదారు అడుగులు వెనకే నిలబడండి. వాన పడ్డ రోజు, మర్నాడు గెడ్డలోకి దిగకండి. పిల్లలు గోడ మీద పేర్లు చెక్కబోతే వద్దనండి, అక్కడ గీసిన గీత వాన నీటికి దారవుతుంది. దారులన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్తూ ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూసుకోండి, వచ్చేటప్పుడు కనిపించేది ఆ వైపే. తెల్ల బట్టలు వేసుకెళ్తే ఆ మరకలు ఇక పోవు.

మధ్యాహ్నం నిద్రయ్యాక భీమిలి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకానికి వచ్చి స్థిరపడ్డారు, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. డచ్చి సమాధుల తోట, గడియార స్తంభం, పాత లైట్‌హౌసు నడుచుకుంటూ గంటన్నరలో చూడొచ్చు. ఓపికుంటే పావురాళ్లకొండ ఎక్కండి. ఆఖరుకు గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి రండి. బొర్రా గుహల వైపు నుంచి వచ్చే నది ఇక్కడ వెడల్పై నెమ్మదిస్తుంది. చూడ్డానికి చెరువులా ఉంటుంది గానీ, ఆటు వేళ నది నీళ్లన్నీ ఆ ఇరుకు మొగలోంచే సముద్రంలోకి లాక్కుపోతాయి. మోకాలి లోతులోనూ దిగొద్దు.

సముద్ర స్నానం

ఈ పర్యటనలో నిజంగా ప్రాణం మీదికి వచ్చేది ఇదొక్కటే. ఈ తీరంలో చాలాచోట్ల అడుగు ఒక్కసారిగా లోతుకు పోతుంది. రెండడుగులకు మోకాలు, నాలుగో అడుగుకు నడుము. లైఫ్‌గార్డు ఉన్నచోటే, వాళ్లు చూపిన హద్దులోనే దిగండి.

దిగేముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అలలు వరసగా విరుగుతుంటే మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. బురద, నురగ దాని వెంట లోపలికి పోతుంటాయి. అమాయకులు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లు తిరిగి వెళ్లే దారి అదే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి, బలం అయిపోతుంది. తేలుతూ, చేయెత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగండి. పాయ దాటాక అలలే ఒడ్డుకు నెడతాయి. మునిగిపోతున్నవాళ్ల కోసం ఈత రానివాళ్లు దూకొద్దు. ఖాళీ నీళ్ల డబ్బా, తాడు, చీర ఏదో ఒకటి విసరండి, 112కు ఫోన్ చేయండి.

జెల్లీ ఫిష్ తగిలితే రుద్దకండి, మంచినీళ్లు పోయకండి. సముద్రపు నీళ్లతోనే కడిగి, అంటుకున్న పోగుల్ని చిన్న పట్టకారుతో తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే 108.

కారును ఇసుకలోకి దింపకండి. దింపి కూరుకుపోతే ఎక్సిలరేటర్ తొక్కినకొద్దీ చక్రం లోపలికే పోతుంది. ఆపి, చక్రాల చుట్టూ ఇసుక చేత్తో తీసి, టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి, కాలిపట్టలు పరిచి, మెల్లగా వెనక్కి లాగండి. తర్వాత దగ్గర్లోని పెట్రోలు బంకులో గాలి నింపేదాకా నెమ్మదిగా నడపండి.

చేప కొనడం, వండించుకోవడం

ఆరున్నర, ఏడు మధ్య పడవలు ఒడ్డెక్కుతాయి. మంగమారిపేటలో గానీ భీమిలి ఒడ్డున గానీ నిలబడితే చాలు. వల దులుపుతున్న చోట అడ్డం వెళ్లకండి. అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లే. "అమ్మా, కుప్ప ఎంత?" అనే అడగండి. చిన్న చేప కిలోల లెక్కన కాదు, కుప్పల లెక్కనే. కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగంతలు అలా దొరుకుతాయి. వంజరాన్ని ఇక్కడ కోనెం అంటారు, అది, చందువ, పండుగొప్ప విడిగా బేరం.

కన్ను ఉబ్బి మెరవాలి, లోపలికి పోకూడదు. మొప్ప ఎత్తితే నెత్తురెరుపు ఉండాలి, గోధుమ రంగు తిరిగితే వద్దు. వేలితో నొక్కిన గుంట వెంటనే పైకి రావాలి. తాజా చేప సముద్రం వాసనే వేస్తుంది, నీచు వాసన వస్తే నిన్నటిది. రొయ్యకు తల నల్లబడిందేమో చూడండి. పీత చేతికి బరువుగా ఉంటేనే లోపల కండ.

ముక్కలకు కోయిస్తే కిలో చేపకు 650 నుంచి 700 గ్రాములు మిగులుతుంది. నలుగురికి ఒక పూట పులుసుకు కిలోన్నర చేప తీసుకోండి. బస చేసిన చోట వండి పెట్టేవాళ్లుంటే కూలి, నూనె, మసాలా కలిపి ఎంతో ముందే మాట్లాడుకోండి. గొడవలన్నీ అది తినేశాక మాట్లాడటం వల్లే. వేపుడు మీరే చేస్తే కిలో ముక్కలకు ఒకటిన్నర చెంచా ఉప్పు, అర చెంచా పసుపు, మూడు చెంచాల కారం, రెండు చెంచాల అల్లం వెల్లుల్లి, ఒక నిమ్మకాయ. పట్టించి అరగంట ఉంచండి. పెనం బాగా కాగాక వేసి, నాలుగు నిమిషాలు కదపకండి. ముక్క చితికేది తొందరపడి తిప్పడం వల్లే.

ఎండు నెత్తళ్లు ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే బయల్దేరే రోజు కాదు, ముందురోజే కొని, గది దగ్గర మరోసారి రెండు గంటలు ఎండలో పోయండి. తేమ మిగిలితే ప్రయాణంలోనే బూజు వాసన పడుతుంది. రెండు వరసలు పేపరు చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించి, దాన్ని మూత ఉన్న స్టీలు డబ్బాలో సర్దండి. కవరొక్కటే నమ్ముకుంటే పెట్టెలోంచి వచ్చే వాసన రాజమండ్రి దాటేలోపే బోగీ అంతటికీ తెలిసిపోతుంది.